శిబిరబాల్యము - ఆశాస్వరూపము

శోకమునందు బాలుని నిలిపిన రచన పాఠకుని హృదయమును సులభముగ ద్రవింపజేయును. ఆ సౌలభ్యమే విమర్శకునకు శంకాస్థానము. ఏడ్చు పసివానిని జూచినంతనే కన్నీరు వచ్చును. ఆ కన్నీరు కావ్యగుణముచే వచ్చినదో, కేవలము పసితనముచే వచ్చినదో నిర్ణయించుట కష్టము. 1948 లో స్వదేశమును గోల్పోయిన పాలస్తీనీయుల సాహిత్యమున నీ ప్రశ్న అడుగడుగునను ఎదురగును. గుడారమున బుట్టి, ఇఱుకు సందులలో బెరిగి, తాను కన్నులార చూడని గ్రామమును తన యూరని చెప్పుకొను బాలుడు ఆ సాహిత్యమున ప్రధానపాత్రము. అట్టి బాలునియందు రచయితలు నిక్షేపించిన ఆశ యెట్టిది? అది బాలుని సొంతమా, లేక పెద్దలు మోయలేక వాని తలపై బెట్టిన మూటయా? ఈ వ్యాసమున విచార్యమైన విషయ మిదియే.

విచారమునకు ముందు కథావస్తువునకు మూలమైన చరిత్ర సంగ్రహముగ దెలియవలయును. 1948 లో ఇజ్రాయేల్ రాజ్యస్థాపనమును, దానితోడి యుద్ధమును జరిగినపుడు ఏడులక్షలకు పైబడిన పాలస్తీనా అరబ్బులు తమ యూళ్లకు దూరమైరి. ఆ సంవత్సరము డిసెంబరు 11 వ తేదిన ఐక్యరాజ్యసమితి మహాసభ తన 194 వ తీర్మానమున, ఇండ్లకు మఱలి పొరుగువారితో శాంతముగ జీవింపగోరు శరణార్థులను వీలైనంత త్వరగా మఱలనీయవలయునని చెప్పెను. ఆ మఱలుట జరుగలేదు. 1949 డిసెంబరు 8 న వీరికొఱకు ప్రత్యేక సహాయసంస్థ యొకటి యేర్పడి, 1950 మే 1 నుండి పనిచేయ నారంభించెను. కొలదికాలమునకని యుద్దేశింపబడిన యా సంస్థ పలుమారులు గడువు పొడిగింపబడుచు వచ్చెను. జోర్డాను, లెబనాను, సిరియా, పశ్చిమతీరము, గాజా అను నైదు ప్రాంతములలో 58 శిబిరములను అది గుర్తించినది. పట్టికలకెక్కిన శరణార్థులు సుమారు 59 లక్షలు. అందు మూడవవంతునకు సమీపించినవారు శిబిరములలోనే యున్నారు. గుడారముల స్థానమున సిమెంటు గదులు వచ్చినవి. గదులపై గదులు లేచినవి. శరణార్థి యను పేరు మాత్రము తండ్రినుండి బిడ్డకు దిగుచు నాలుగవ తరమునకు వచ్చినది. లోకమున ఆస్తి పితృదత్తమగును. ఇచ్చట పోయిన యాస్తియే పితృదత్తము.

ఇక లక్షణవిచారము. భరతముని కరుణమునకును విప్రలంభమునకును గల భేదమును జెప్పుచు, కరుణము నిరపేక్షభావమనియు, విప్రలంభము సాపేక్షభావమనియు నిర్ణయించెను. అనగా, పోయినది మఱల రాదను నిశ్చయముగల దుఃఖము కరుణము. మఱల గూడుదుమను నపేక్ష యొక్క నూలుపోగంత మిగిలినను అది విప్రలంభము. చింత, దైన్యము, స్మృతి మొదలగు సంచారిభావములు రెంటికిని సామాన్యములు. కన్నీరు సామాన్యము. రెంటిని వేఱుచేయునది ఆశ యొక్కటియే. పాలస్తీనా శరణార్థుల కథలను జదివినవారు సాధారణముగ వానిని కరుణరసమున జేర్చి తృప్తిపడుచున్నారు. ఆ నిర్ణయము యుక్తము కాదు. ఈ కథలు కరుణములని చెప్పుట, పోయినది యిక రాదని ఆ పాత్రలకంటె ముందుగా పాఠకుడే తీర్పు చెప్పుట యగును. జాలిపడువానికి తీర్పు చెప్పితినన్న యెఱుక యుండదు. దోషము మాత్రము తప్పదు.

భూమిని గూర్చిన ప్రీతికి విప్రలంభ మెట్లు పొసగును, దేవనృపాదివిషయమైన రతి భావమాత్రమని గదా లాక్షణికులు చెప్పిరి, అని యొక శంక. ఇచ్చట రసనామము ప్రధానము కాదు, సాపేక్షనిరపేక్షవిభాగమే ప్రధానము. ఆ విభాగము మనుష్యుని యెడబాటు లన్నింటికిని వర్తించును. రెండవ శంక యింతకంటె బలీయమైనది. పెద్దవాని యాశ స్మృతినుండి పుట్టును. ఇల్లు, బావి, చెట్టు వాని కన్నులకు గట్టియుండును. బాలునకు స్మృతి అల్పము. శిబిరమున బుట్టినవానికి బొత్తిగా శూన్యము. స్మృతిలేనిచోట అపేక్ష యెట్లు నిలుచును? ఈ శంకకు సమాధానము లక్షణగ్రంథములలో వెదకుటకు ముందు కథలలో వెదకవలయును.

గస్సాన్ కనఫానీ 1936 ఏప్రిల్ నెలలో అక్కా నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. పండ్రెండవ యేట కుటుంబముతో లెబనానునకును, అటుపిమ్మట డమాస్కసునకును వలసపోయెను. యౌవనారంభముననే శరణార్థుల పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయుడయ్యెను. ఆనాటి యనుభవములు రెంటిని అతడు పిదప చెప్పియున్నాడు. తరగతిలో పిల్లలు నిద్రించుట జూచి మొదట కోపించెను. విచారింపగా, వారు రాత్రులయందు సినిమాశాలలకడను వీధులలోను తినుబండారము లమ్మి, అలసి బడికి వచ్చుచున్నారని తెలిసెను. మఱియొకనాడు పాఠ్యప్రణాళికననుసరించి నల్లబల్లపై ఆపిలుపండును, అరటిపండును వ్రాసి చూపవలసి వచ్చెను. వ్రాయుచుండగా, ఆ పండ్లకును ఎదుట గూర్చున్న పిల్లలకును సంబంధమేమియు లేదని యతనికి దోచెను. వెంటనే వానిని చెరిపివైచి, మీ శిబిరమును చిత్రింపుడని పిల్లలకు జెప్పెను. తనిఖీకి వచ్చిన యధికారి దీని నాక్షేపించెనట. బోధనవృత్తియందున్నవా రందఱును ఈ వృత్తాంతమును గమనింపదగును. ఉపాధ్యాయుడు పండును జెరుపుటచే బాలుని యాశను జెరుపలేదు. పరాయిచిత్రమును దొలగించి, వాని కన్నులకు వాని బ్రదుకును జూచు నధికారము నిచ్చెను. కనఫానీ కథాశిల్పమున కంతటికి ఇదియే తొలిసూత్రము. అతని కథలలో బాలుడు చూడబడువాడు కాడు, చూచువాడు.

'విషాదనారింజల భూమి' యను కథ 1958 నాటిది. యాఫానుండి అక్కాకును, అక్కానుండి లెబనానుసరిహద్దు దాటి సైదాకును పోయిన యొక కుటుంబము కథ యిది. కథకుడు బాలుడు, తన యీడువాడగు బంధుబాలుని 'నీవు' అని సంబోధించుచు చెప్పుచున్నాడు. మొదట యాఫానుండి బయలుదేరుట వానికి ఏటేట పండుగదినములలో జరుగు ప్రయాణమువలె తోచెను. సంఘటనము దారుణము, చూచు కన్ను నిర్మలము. దారిలో స్త్రీలు నారింజపండ్లను గొనిరి. ఇంటిపెద్ద యొక పండును చేతబట్టుకొని చూచి చూచి పసివానివలె నేడ్చెను. పసివాడు చూచుచుండగా పెద్దవాడు పసివాడగుట యిందలి విశేషము. సైదాలో దారిద్ర్యము పెరిగెను. సైన్యములు వచ్చి దేశమును మఱల నిప్పించునన్న పెద్దల నమ్మకము నశించెను. కథాంతమున బాలుడు తొంగిచూచిన గదిలో ఇంటిపెద్ద రోగియై యుండెను; ప్రక్కన పిస్తోలును, ఎండి ముడుతలుపడిన నారింజయు నుండెను.

ఈ ముగింపు నిరపేక్షము కాదా యని యడుగవచ్చును. ఎండిన పండు మఱల పచ్చబడదు. కాని ఎండినది పెద్దవాని చేతిలోని పండు. ఆ పండును జూచి, గుఱుతుంచుకొని, తోటిబాలునకు జెప్పువాడు మిగిలియున్నాడు. తండ్రికి నారింజ పోయిన తోట. బాలునకు అది చెప్పవలసిన మాట. ఈ కథలో ఆశ యను పదార్థము ఏ పాత్రయొక్క నోటను లేదు. చెప్పుట యను క్రియయందే యున్నది. ఇంత నిగ్రహముతో ఆశను దాచిన రచన లరుదు.

ఆశకు రెండవరూపము వస్త్వభిలాష. 'దొంగిలింపబడిన చొక్కా' యను కథలో వానరాత్రి గుడారముచుట్టు కాలువ త్రవ్వుచున్న తండ్రి, చలికి వణకు కుమారునకు క్రొత్త చొక్కా యొకటి కొనవలెనని తలపోయుచుండును. సహాయసంస్థ పిండిబస్తాలను రాత్రివేళ దొంగిలించి అమ్ముకొను నొకడు వచ్చి తనతో గలియుమనును. చొక్కా యాశ తండ్రిని ఆ దారిని కొంతదూరము లాగును. పిండి మాయమగుటచేతనే పంపకము ఆలస్యమగుచున్నదనియు, పస్తుండువారు తన బిడ్డవంటి బిడ్డలే యనియు గ్రహించినంతనే అతడు చేతిలోని పారతో వానిని గొట్టి చంపును. 'పసివాడు శిబిరమునకు పోవును' అను 1967 నాటి కథలో పదునెనిమిదిమంది యొక్క యింటిలో గ్రుక్కికొని బ్రదుకుచుందురు. సంతలో మిగిలిన కూరగాయల నేరుకొను బాలునకు అయిదు లీరాల నోటు దొరకును. వాడు దానిని వెచ్చింపడు. జేబులో దాచి తడుముకొనుచుండును. పోరాటకాలమున బ్రదికియుండుటయే మొదటి ధర్మమను కఠినసూత్రమును వాడు పెద్దవానివలె చెప్పును.

ఈ రెండు కథలలోని యాశ లక్షణశాస్త్రమున ఔత్సుక్యమనబడును. అది చొక్కావంటిది, నోటువంటిది. దొరకును, పోవును, మనుష్యుని దిగజార్చును. కనఫానీ దీనిని నిందింపడు, కొనియాడడు. ఆకలిగొన్న బాలుడు దేశమును గూర్చి కలలు గనుచున్నాడని వ్రాయుట కపటమని యతడెఱుగును. శిబిరబాలునకు మొదట కావలసినది చొక్కా. చొక్కాకు కావలసినది పిండి దొంగిలింపబడకుండుట. పిండికి కావలసినది న్యాయము. ఈ సోపానక్రమమున ఆశ వస్తువునుండి ధర్మమునకు ఎక్కునదిగ జూపుట 'చొక్కా' కథయొక్క గొప్పతనము. పారదెబ్బతో ఆ మెట్టును తొందరగా ముగించుట దానిలోపము. హత్య సమస్యను తీర్చదు. కథను మాత్రము ముగించును.

ఈ లోపము లేనిది 'గాజానుండి లేఖ.' 1956 నాటి యీ కథ లేఖారూపము. కువైట్‌లో ఉపాధ్యాయుడుగా నుండి, అమెరికాకు పోయి చేరుటకు సిద్ధముగానున్న యువకుడు సెలవునకు గాజా వచ్చును. బాంబుదాడిలో గాయపడిన పదుమూడేండ్ల సోదరుని కూతురు నాదియాను జూచుటకు వైద్యశాలకు బోవును. నీకై యెఱ్ఱని లాగులు దెచ్చితినని చెప్పును. బాలిక దుప్పటి తొలగించి తొడకడ తెగిన కాలిని జూపును. పరుగెత్తి తప్పించుకొనదగియుండియు, చిన్నవారైన తమ్ముల చెల్లెండ్లపై అడ్డముపడి వారిని రక్షించుటచే ఆమె కాలిని గోల్పోయెనని యతడు తెలిసికొనును. ఇక అమెరికాకు రాననియు, నీవే మఱలి రమ్మనియు మిత్రునకు వ్రాయును.

దీనిపై గట్టి పూర్వపక్షము కలదు. నాదియా కాలు పోవుట యువకుని మనసు మాఱుటకు సాధనమయ్యెను. ఆమె తరువాతి బ్రదుకేమో కథ చెప్పదు. బాలిక గాయమును పెద్దవాని జ్ఞానోదయమునకు నూనెగా పోయుట న్యాయమా? ఈ యాక్షేపము త్రోసివేయదగినది కాదు. బాలపాత్రములను ఇట్లు వాడుకొన్న రచనలు అన్ని భాషలలోను గలవు, వానికిది మరణశాసనమే. నాదియా కథ మాత్రము ఒక్క కారణమున నిలుచును. ఆమె బాధితురాలగుటకు ముందే కర్త్రి. బాంబు పడిన క్షణమున ఆమె చేసిన పని ఒకరి యుపదేశముచే జేసినది కాదు. తనకంటె చిన్నవారు బ్రదుకవలెననుటయే ఆమె యాశ. అది కోరికగా నుండక శరీరముతో జేసిన పనియయ్యెను. యువకుడు ఆమెను జూచి జాలిపడి నిలువలేదు. ఆమెకు దాను చిన్నవాడనైతినని తెలిసికొని నిలిచెను. ఇందు ఔత్సుక్యము తొలగి ధృతి నిలిచినది. ధృతియు సంచారిభావమే యైనను, ఇచ్చట అది వీరమునకు స్థాయియగు ఉత్సాహమునకు దారి తీయుచున్నది. కనఫానీ చిన్నకథలలో దీనిని శిరోభూషణముగ నెన్నదగును.

దీనికి ప్రతిపక్షముగ 1963 లో వెలువడిన 'ఎండలో మనుష్యులు' అను నవలను జూడవలయును. ముగ్గురు పాలస్తీనీయులు బ్రదుకుదెరువునకై కువైట్‌నకు దొంగతనముగ బోదలచి, నీళ్లు లేని ట్యాంకులో దాగి, సరిహద్దుకడ ఎండవేడిమికి ఊపిరాడక చనిపోవుదురు. వారిలో మర్వాన్ అనువానికి పదునారేండ్లు. అన్న కువైట్‌నుండి డబ్బు పంపుట మానెను. తండ్రి సిమెంటు కప్పుగల యింటికై తల్లిని విడిచి వేఱొకతెను బెండ్లాడెను. వాడు బడి మానెను. తాను సంపాదించి మట్టియింటిని స్వర్గము చేయుదునని తల్లికి మనసున మాట యిచ్చుకొని బయలుదేఱెను. తలపై గట్టికప్పు కొఱకు తండ్రి కుటుంబమును విడుచుట శిబిరజీవనమును గూర్చి నూఱుపుటల నివేదికకంటె నెక్కుడు చెప్పును. ట్యాంకుగోడలను మీరేల తట్టలేదని చివర వాహనచోదకుడు వేయు కేక అరబ్బుసాహిత్యమున ప్రసిద్ధికెక్కెను. ఆ ప్రశ్న పెద్దలకు చెల్లును, మర్వాన్‌నకు చెల్లునా? బడినుండి వానిని దప్పించి ట్యాంకులోనికి దింపినవా రెందఱో కలరు. నవలలో ఆ పసిమరణమునకు వేఱు తూకము లేకపోవుట యొక కొఱత. అట్లయ్యు, పలాయనరూపమైన యాశకు ఈ నవల చెప్పిన తీర్పు సత్యము: మౌనముగ దాగిన యాశ ఊపిరాడక చచ్చును.

ఇంతవఱకు జెప్పిన బాలురలో పెక్కండ్రు దేశమును జూచి విడిచినవారో, ఆ తరమునకు దగ్గఱివారో. వారి యెడబాటు ప్రవాసజన్యము. శిబిరముననే పుట్టిన బాలుని స్థితి వేఱు. స్మృతిలేనివానికి అపేక్ష యెట్లన్న శంక యిచ్చట మఱల వచ్చును. దీనికి సమాధానము తెలుగుపండితులకు సుపరిచితమే. దమయంతి నలుని జూడకమునుపే, హంస పలుకులు విని, విరహమును బొందెను. శ్రవణముచే గలిగిన ప్రీతి పూర్వరాగమని లాక్షణికులు దానికి విప్రలంభముననే చోటిచ్చిరి. శిబిరములలోని పేటలకు పోయిన గ్రామముల పేర్లే పెట్టబడినవి. తాతలు తాళపుచెవులను దాచి యుంచిరి. అవ్వయే హంస, ఊరిపేరే దూత. ఆ బాలుని యాశ స్మృతిజన్యము కాదు, శ్రుతిజన్యము. ఐనను భేద మొకటి కలదు. దమయంతికి వినుట ఐచ్ఛికము. శిబిరబాలునకు వినుట విధి. వినినదానిని మోయుదునో మోయనో యని యడిగినవా రెవ్వరును లేరు. ఈ ప్రశ్నను లేవనెత్తినపుడే శిబిరసాహిత్యము పూర్ణమగును.

ఈ ప్రశ్నకు గట్టిగా నెదురుపడినది కథ కాదు, చిత్రము. నాజీ అల్ అలీ గలిలీప్రాంతమున అష్షజరా గ్రామమునుండి బాల్యమున వెడలగొట్టబడి, లెబనానులో సైదాకడ నున్న ఐన్ అల్ హిల్వే శిబిరమున బెరిగెను. అతని చిత్రములను శిబిరమున జూచి 1961 లో తన పత్రికయందు బ్రకటించినవాడు కనఫానీయే. నాజీ 1969 లో కువైట్ పత్రికయం దొక బాలుని సృజించెను. పేరు హందలా. చెప్పులు లేని పాదములు, అతుకుల బట్టలు, ముండ్లవలె నిక్కిన జుట్టు. 1973 నాటి యుద్ధానంతరము చేతులు వెనుకకు గట్టుకొని పాఠకునకు వీపు చూపుచు నిలిచెను. 'హన్‌దల్' అనగా ఎడారిలో బెరుగు చేదుపుచ్చ, వైద్యగ్రంథముల ఇంద్రవారుణి. ఎన్నిసార్లు కోసినను లోతైన వేరునుండి మఱల చిగుర్చునది. హందలా వయస్సు పదేండ్లు. అది నాజీ దేశము విడిచిన వయస్సు. మఱలిపోయిన దినముననే వాడు పెరుగ నారంభించునని చిత్రకారుడు చెప్పెను.

ఎల్లప్పుడును పదునాఱేండ్లవాడుగా నుండు మార్కండేయుడు ఆంధ్రపాఠకులకు దెలిసినవాడే. ఆ స్థిరవయస్సు వరము. మృత్యువు నెదిరించి పొందినది. హందలా స్థిరవయస్సు వరము కాదు, వ్రతము. వాని వీపు చూపరులకు ముఖమును నిరాకరించును. ముఖము లేనిచో జాలికి పట్టు చిక్కదు. కరుణము నిరపేక్షమగుటకు ఇంత గట్టి యడ్డుకట్ట వేసిన మఱియొక బాలచిత్రము కానరాదు. ఇది హందలాయొక్క జయము.

కాని జయమునందే యొక యపాయము గలదు. చిత్రములోని బాలుడు పెరుగడు. శిబిరములోని బాలుడు పెరుగక మానడు. 1969 లో పదేండ్లవాడైన శిబిరబాలునకు నేడు మనుమలు గలరు. వానికి చదువు కావలెను, ఉద్యోగము కావలెను, పెండ్లి కావలెను. లెబనానులో పాలస్తీనా శరణార్థులకు వైద్య న్యాయవాదాది వృత్తులు పెక్కు చిరకాలము నిషిద్ధములై యుండెను; అట్టిచోట చదివిన బాలుని యాశ ఏ దారిని బోవలెను? పెరుగుటయే ద్రోహమన్నట్లు ప్రతీకము నిలిచినచో, ఆశ బాలుని బంధించును. పెద్దల ప్రతిజ్ఞకు పిల్లవాడు పెరుగకుండుట వెలగా చెల్లింపరాదు. హందలాను ఆరాధించువారు మఱచిన విషయ మొకటి కలదు: ఆ బొమ్మను గీసినవాడు పెరిగిన శిబిరబాలుడే. నాజీ పెరిగెను, గీసెను, ఎల్లపక్షముల యధికారులను నిర్భయముగ విమర్శించెను. 1987 జులై 22 న లండనులో కాల్పులకు గుఱియై ఆగష్టు 29 న మరణించెను. పెరుగని బొమ్మకు అర్థమిచ్చినది పెరిగిన చేయి. ఈ రెంటిని గలిపి చదువనివారికి హందలా సగమే తెలియును.

పెరుగుటయే ఆశయని చెప్పిన రచన హందలా పుట్టిన 1969 లోనే వెలువడెను. కనఫానీ నవల 'ఉమ్ సాద్' లో శిబిరవాసినియగు నొక తల్లి ఎండిన ద్రాక్షకొమ్మ నొకదానిని దెచ్చి కథకుని వాకిట నాటును. ఎండుకట్టె యేమి చిగుర్చునని యతడు శంకించును. నవలాంతమున పచ్చని మొలక నేలను జీల్చి వచ్చును. ఆ తల్లి కుమారుడు సాయుధదళమున జేరును, ఆమె గర్వించును. ఇచ్చట ఆశ ఆయుధరూపమును దాల్చుటను గూర్చి పాఠకులలో ఏకాభిప్రాయ ముండదు. నవలయు వాదముల బరువుచే కొన్నియెడల కథాగమనమును గోల్పోయినది. అయినను ద్రాక్షకొమ్మ వాదము కాదు. 1958 నాటి నారింజ కోయబడినది, కావున నెండినది; 1969 నాటి కొమ్మ నాటబడినది, కావున చిగిర్చినది. కోతకును నాటునకును గల భేదమే పదునొకండేండ్లలో కనఫానీ నడచిన దూరము.

అతడు మేనకోడలి జన్మదినమునకై స్వహస్తముతో వ్రాసి బొమ్మలు వేసి యిచ్చిన చిన్న కథ యొకటి కలదు, పేరు 'చిరుదీపము.' సూర్యుని కోటలోనికి దెమ్మని చనిపోవు రాజు కుమార్తె నాజ్ఞాపించును. సూర్యుని బట్టితెచ్చుట రాకుమారికి సాధ్యము కాలేదు. తుదకు జనులు తమ తమ చిన్న దీపములతో గుంపుగా వచ్చిరి; వారు లోపలికి వచ్చుటకై ద్వారములును గోడలును పడగొట్టబడెను; వెలుగు వచ్చెను. ఆ మేనకోడలు పదునేడేండ్ల వయస్సున, 1972 జులై 8 న, బేరూత్‌లో కనఫానీతోడనే కారుబాంబుకు బలియయ్యెను. ఈ సమాచారము కథకు విషాదమును గూర్చుటకు చెప్పబడలేదు. శిబిరజనులను గూర్చి పెద్దలకు వ్రాసిన నవలలలోకంటె స్పష్టముగ, తనయింటి బాలికకు వ్రాసిన కథలో అతడు తన సిద్ధాంతమును జెప్పెననుట కిది సాక్ష్యము. ఆశ యొక్కని సొత్తు కాదు. ఒక్క బాలుని తలపై మోపదగినదియు గాదు. పెక్కండ్రు పంచుకొన్నపుడే అది తేలికయగును.

2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడికి బిమ్మట గాజాపై సాగిన ఇజ్రాయేల్ యుద్ధమున ఈ సాహిత్యమునకు మఱల భయంకరమైన సాక్ష్యము దొరకెను. యుద్ధమునకు ముందు గాజాలో సహాయసంస్థ పాఠశాలలయందు సుమారు 3 లక్షలమంది పిల్లలు చదువుచుండిరి. యుద్ధముతో చదువు నిలిచిపోయి, ఆ బడులే ఇండ్లు గోల్పోయినవారికి నెలవులైనవి. కాళ్లు చేతులు పోయిన పిల్లలు వేయికి మించిరి. 1956 నాటి నాదియా కల్పితపాత్రమని చెప్పుట కష్టమైనది. లోకమంతయు వారి చిత్రములను జూచి కంట తడిపెట్టుచున్నది. ఆ తడి కరుణమున నిలిచిపోయినచో, వారి బ్రదుకు ముగిసినదని ఒప్పుకొనుటయే యగును. ఆ గాజాలోనే షాతీ శిబిరమున 1992 లో జన్మించిన ముసాబ్ అబూ తోహా పెరిగి, ఆంగ్లమున కవియై, 2017 లో అచ్చట నొక గ్రంథాలయమును స్థాపించెను. యుద్ధమును గూర్చిన వ్యాసములకు 2025 లో పులిట్జర్ బహుమానము నొందెను. ఇదియు నాటుటయే.

కావున శిబిరబాల్యమును వర్ణించు రచనను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. ఆ రచనలో బాలుడు చూచుచున్నాడా, చూడబడుచున్నాడా? వాని యాశ వాడు చేసిన పనినుండి పుట్టినదా, పెద్దలు వానిపై మోపినదా? ఆ యాశ వానిని పెరుగనిచ్చునా, నిలిపివేయునా? మూటికిని సరియైన యుత్తరమిచ్చిన రచనలు కొలదియే. 'విషాదనారింజల భూమి' మొదటిదానికి, 'గాజానుండి లేఖ' రెండవదానికి, ద్రాక్షకొమ్మ మూడవదానికి ఉత్తరములు. తక్కినవి గుణదోషమిశ్రములు. పాఠశాలలలో ఈ కథలను జెప్పు నుపాధ్యాయుడు తరగతిని ఏడిపించుటతో దృప్తిపడరాదు. నల్లబల్లపై పండును చెరిపి, నీ కన్నులు చూచినదానిని గీయుమని పిల్లవానికి సుద్ద నిచ్చిన యా చిత్రలేఖనోపాధ్యాయుని మార్గమే మార్గము.